రచయిత్రి బొమ్మ వేయడం ఎలా: ఫొటో ఎంపిక నుంచి వార్నిష్ దాకా

అభిమాన రచయిత్రి బొమ్మ వేద్దామని కూర్చున్నవాళ్లు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. దొరికింది ఒక్క ఫొటో, అదీ మసగ్గా ఉంది, దాన్ని చూసి వేయొచ్చా? కొలతలన్నీ సరిపోయాయి, అయినా ఆవిడలా లేదేం? చామనచాయకి ఏ రంగులు కలపాలి? కళ్లజోడు పెట్టగానే ముఖం చెడిపోతోంది, ఏం చేయాలి? వీటన్నిటికీ ఒకేచోట జవాబు ఉండాలని ఇది రాస్తున్నాను. పెన్సిల్‌తో రెండు మూడు ముఖాలు గీసిన అలవాటు ఉంటే చాలు, మిగతాది దారిలో పట్టుబడుతుంది.

బ్రష్ పట్టే ముందు ఒక్క సంగతి. ఇంగ్లీషు నవలా రచయిత్రి జేన్ ఆస్టెన్ బతికుండగా ఆమె ముఖం చూసి వేసిన చిన్న బొమ్మ ఒకటుంది. అక్క కాసండ్రా 1810 ప్రాంతంలో పెన్సిల్‌తో, కాస్త నీటిరంగుతో వేసింది. అందులో జేన్ చేతులు కట్టుకుని, పెదవులు బిగించి, పక్కకి చూస్తూ ఉంటుంది. ఆమె పోయిన యాభై ఏళ్ల తర్వాత కుటుంబంవాళ్లు జీవితచరిత్ర అచ్చువేయిస్తూ, జేమ్స్ ఆండ్రూస్ అనే చిత్రకారుడితో ఆ బొమ్మని తిరగ వేయించారు. ముఖం నునుపుదేలింది, కళ్లు పెద్దవయ్యాయి, ఆ బిగింపు మాయమైంది. 2017లో వచ్చిన పది పౌండ్ల నోటు మీద ఉన్నది ఈ రెండో ముఖం నుంచి వచ్చిన బొమ్మే. ఆడవాళ్ల ముఖం వేస్తున్నప్పుడు మన చెయ్యి కూడా మనకి తెలియకుండానే అటు లాగుతుంది. ముడత తీసేస్తుంది, ముక్కు సన్నం చేస్తుంది, లేని చిరునవ్వు తగిలిస్తుంది. కింద చెప్పిన హెచ్చరికల్లో సగం ఆ చేతిని ఆపడానికే.

కావలసినవి

నేను అక్రిలిక్ రంగులతో చెబుతున్నాను. త్వరగా ఆరతాయి, వాసన ఉండదు, తప్పు పోతే పైన మళ్లీ వేయొచ్చు. ఆయిల్ రంగులు వాడేవాళ్లకి తేడా ఉన్నచోట విడిగా చెబుతాను.

- 12×16 అంగుళాల కాన్వాస్, లేదా కాన్వాస్ బోర్డు. మొదటిసారి ఇంతకన్నా పెద్దది వద్దు.
- గెస్సో (రంగు బాగా పట్టడానికి కాన్వాస్‌కి ముందుగా వేసే తెల్లటి అడుగుపూత), సన్నరకం గరుకు కాగితం.
- రంగులు: టైటానియం వైట్, యెల్లో ఓకర్, కాడ్మియం రెడ్, అలిజరిన్ క్రిమ్సన్, బర్న్ట్ సియెన్నా, బర్న్ట్ అంబర్, అల్ట్రామెరీన్ బ్లూ. నల్ల ట్యూబు అవసరం లేదు. అంబర్, అల్ట్రామెరీన్ కలిపితే ట్యూబులో వచ్చే నలుపుకన్నా మంచి నలుపు వస్తుంది.
- బ్రష్‌లు: అంగుళం వెడల్పు ఫ్లాట్ ఒకటి, 8, 4 నంబర్ల ఫిల్బర్ట్‌లు (చదునుగా ఉండి కొన గుండ్రంగా ఉండేవి), 2, 0 నంబర్ల రౌండ్‌లు.
- రంగు ఆరిపోకుండా తడి గుడ్డ మీద బటర్ పేపర్ పరిచిన ట్రే, నీళ్లు చిమ్మే స్ప్రే సీసా.
- 2బి పెన్సిల్, మెత్తటి రబ్బరు, స్కేలు, ట్రేసింగ్ పేపర్.
- అరచేతి అద్దం. ఇది మర్చిపోవద్దు, చివరిదాకా పని ఉంటుంది.

ముందు ఎవరిని వేయాలి, ఏ వయసులో వేయాలి

1. ఆమె రాసింది చదవండి. కనీసం ఒక పుస్తకం, దొరికితే ఒక ఇంటర్వ్యూ, కొన్ని ఉత్తరాలు. చదువుతూ ఒక కాగితం మీద బొమ్మకి పనికొచ్చేవి మాత్రమే రాసుకోండి: ఏ చేత్తో రాసేది, కళ్లజోడు ఎప్పటినుంచి, టేబుల్ దగ్గర కూర్చునేదా నేలమీదా, టైప్ చేసేదా, జుట్టు ఎలా ఉండేది. మనిషిని దగ్గరగా ఎరిగినవాళ్లు చెప్పిన ఒక్క మాట పది ఫొటోలంత పని చేస్తుంది.

2. వయసు నిర్ణయించండి. చాలామంది దొరికిన ఫొటోల్లో అతి చిన్న వయసుదే తీస్తారు. అమెరికన్ కవయిత్రి ఎమిలీ డికిన్సన్ యాభై అయిదేళ్లు బతికింది, కానీ లోకానికి తెలిసిన ముఖం 1847 ప్రాంతంలో తీసిన పదహారేళ్ల అమ్మాయిది. ఆమె విషయంలో వేరే దారి లేదు. మీకు ఎంచుకునే వీలుంటే, మీకిష్టమైన పుస్తకాలు రాసిన కాలంలోని ముఖం తీసుకోండి. అరవై ఏళ్లప్పుడు గొప్ప నవల రాసిన ఆవిడని పాతికేళ్ల పెళ్లిఫొటో చూసి వేస్తే ఆ నవల రాసిన మనిషి మీ బొమ్మలో ఉండదు.

3. ఆమె ఇప్పుడు మన మధ్యే ఉంటే ముందే అడగండి. ఫొటో ఇంకెవరైనా తీసిందైతే ఆ ఫొటోగ్రాఫర్ అనుమతి కూడా అడగండి. ఎంత పాతదైనా సరే, అమ్మడానికో అచ్చువేయడానికో అయితే హక్కులు ఇంకా నడుస్తున్నాయేమో మీ దేశపు చట్టం ప్రకారం చూసుకోండి.

ఫొటో పరీక్ష

4. దొరికినన్ని ఫొటోలు పోగేసి అందులో ఒకదాన్ని ముఖ్యమైనదిగా పెట్టుకోండి. వెలుగు, కోణం, నీడలు అన్నీ దీన్నుంచే. మిగతావి సందేహం వచ్చినప్పుడు చూడటానికి. ఒక ఫొటోలోంచి కళ్లు, ఇంకోదాంట్లోంచి ముక్కు తెచ్చి అతికించొద్దు. కోణాలు వేరైతే ముఖం ఎక్కడో విరిగినట్టు కనిపిస్తుంది, ఎందుకో మీకే అర్థం కాదు.

ముఖ్యమైన ఫొటోలో చూడాల్సింది ఇదీ: వెలుగు ఒక పక్కనుంచి పడాలి, ముక్కు కింద, గడ్డం కింద నీడ ఉండాలి, కనురెప్పల అంచు కనబడాలి. ఎదురుగా ఫ్లాష్ కొట్టిన ఫొటోలో నీడలు ఉండవు కాబట్టి ముఖానికి ఎత్తుపల్లాలు ఉండవు, ఎంత కష్టపడినా బొమ్మ పలచగానే వస్తుంది. చేతి దూరంలో ఫోన్‌తో తీసిన ఫొటోలో ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. కాస్త దూరం నుంచి తీసిందే మేలు.

పాత ఫొటోలతో మూడు చిక్కులున్నాయి. వీటిని కాస్త నెమ్మదిగా చదవండి.

మొదటిది, తిరగబడటం. డాగెరోటైప్‌లు (వెండిపూత వేసిన రాగిరేకు మీద తీసిన తొలినాటి ఫొటోలు) అద్దంలో చూసినట్టు కుడిఎడమలు మారి వస్తాయి. అచ్చులో నెగెటివ్ తిరగేసి వేసిన సందర్భాలూ ఉన్నాయి. పాపిడి, పుట్టుమచ్చ, చొక్కా బొత్తాలు, చీర పైట, వెనకాల గోడమీద అక్షరాలు పరీక్షించండి. రెండు ఫొటోల్లో పాపిడి రెండు వైపులా ఉంటే ఏదో ఒకటి తిరగబడి ఉండొచ్చు.

రెండోది, రంగుల మోసం. తొలినాటి ప్లేట్లకి నీలి వెలుగు బాగా అందేది, ఎరుపు దాదాపు అందేది కాదు. అందువల్ల నీలి కళ్లు తెల్లగా తేలిపోతాయి. పెదవులు, బుగ్గల ఎరుపు, చర్మం మీది మచ్చలు ఉన్నదానికన్నా నల్లగా పడతాయి. ఆ ఫొటోలోని చీకటి పెదవుల్ని చూసి ముదురు లిప్‌స్టిక్ వేసినట్టు వేయొద్దు.

మూడోది ఇప్పటిది: కంప్యూటర్‌తో స్పష్టం చేసిన, రంగులద్దిన ఫొటోలు. మసగ్గా ఉన్నచోట ఆ ప్రోగ్రామ్ తనకి తెలిసిన సగటు ముఖం నుంచి కన్నూ పెదవీ తెచ్చి పెడుతుంది. చూడటానికి బాగుంటుంది, అది ఆమె కన్ను కాదు. చర్మం రంగూ అంతే, ఊహే. మసక ఫొటోనే దగ్గర పెట్టుకోండి. కనబడని చోట బొమ్మలోనూ కనబడకుండా నీడలో వదిలేయడం నిజాయితీ.

ఫొటో అసలే లేకపోతే?

మొల్లని చూసి వేసిన బొమ్మ ఏదీ మనదాకా రాలేదు. ప్రాచీన గ్రీకు కవయిత్రి సాఫో సంగతీ అంతే. అయినా ఇలాంటివాళ్లని వేయొచ్చు. మెక్సికో కవయిత్రి, సన్యాసిని సోర్ హువానా 1695లో చనిపోయింది. మిగెల్ కాబ్రెరా ఆమె బొమ్మ వేసింది 1750 ప్రాంతంలో. ఆయన ఆమెని చూడనేలేదు. అందుకే ఆ బొమ్మలో బరువంతా ముఖం ఒక్కదాని మీదే పెట్టలేదు: వెనక గోడనిండా పుస్తకాలు, బల్లమీద కలం, సిరా, పుస్తకం పేజీ మీద చెయ్యి, నేరుగా మనవైపు చూపు. ఇవాళ ఆమె అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఆ బొమ్మే.

మీరూ అలాగే చేయండి. ఆ ప్రాంతం, ఆ వయసు మనిషిని ఎవరినైనా అడిగి కూర్చోబెట్టుకుని వేయండి. ఆ కాలంలో లేని వస్తువు ఒక్కటి కూడా పెట్టొద్దు. తాటాకు, గంటం ఉన్న కాలపు మనిషి చేతిలో ఈక కలం పెడితే మిగతా బొమ్మంతా అబద్ధమైపోతుంది. సినిమా తార ముఖాన్ని ఆధారం చేసుకోవద్దు, చూసినవాళ్లకి ఆ తారే కనిపిస్తుంది. బొమ్మ వెనక “ఊహాచిత్రం” అని తప్పకుండా రాయండి.

కూర్పు

5. కాన్వాస్ సైజు కాగితం మీద బొటనవేలంత చిన్న కూర్పులు అయిదారు గీయండి. తల ఎక్కడ, చేతులు ఉన్నాయా లేవా, ఖాళీ ఎటువైపు. చూపు ఎటు ఉంటే అటువైపు కాస్త ఎక్కువ ఖాళీ వదలండి. 12×16 మీద భుజాలదాకా వేస్తుంటే గడ్డం నుంచి నడినెత్తి దాకా ఆరున్నర అంగుళాలు చాలు. అసలు తలకన్నా పెద్దది చేస్తే దగ్గరనుంచి చూసేవాళ్లకి మీద పడుతున్నట్టు ఉంటుంది.

6. చేతిలో ఏం పెట్టాలి అన్నది తేల్చండి. పుస్తకం గుండెలకి హత్తుకున్న భంగిమ చాలా వాడేశారు, దాన్ని వదిలేయండి. రాస్తున్న క్షణమే వేయాలని కూడా లేదు. ప్రాచీన రోమన్ నగరం పాంపేలో దొరికిన గోడచిత్రం ఒకటి నేపుల్స్ మ్యూజియంలో ఉంది, సాఫో అనే పేరుతో పిలుస్తారు గానీ ఎవరో తెలియదు. ఒక చేతిలో మైనపు పలకలు, ఇంకో చేతిలో గంటం, దాని కొన పెదవికి ఆనించి ఆగింది. రాయడం అనే పనిలో ఎక్కువ భాగం ఆ ఆగడమే. అటువంటి క్షణం ఆమె జీవితంలోంచి వెతకండి: రాసింది కొట్టేస్తున్న చెయ్యి, కళ్లజోడు నుదుటిమీదకి తోసుకోవడం, ప్రూఫులు దిద్దడం.

కూర్చునే తీరుని తక్కువ అంచనా వేయకండి. చిత్రకారిణి వెనెస్సా బెల్ 1912లో తన చెల్లెలు, ఇంగ్లీషు రచయిత్రి వర్జీనియా వుల్ఫ్‌ని కుర్చీలో వేసినప్పుడు ముఖంలో కళ్లూ నోరూ దాదాపు చెరిపేసినట్టే వదిలింది. అయినా ఎరిగినవాళ్లకి అది వర్జీనియానే. భుజం వాలు, మెడ వంపు, కుర్చీలో కుంగిన తీరు పోలికని మోస్తున్నాయి. ముఖం ఒక్కటే ఫొటో నుంచి తీసి, భంగిమ ఇంకెవరిదో పెడితే బొమ్మ “ఆవిడలా లేదేం” అనిపించేది ఇందుకే.

గీయడం

7. కాన్వాస్‌కి గెస్సో రెండు పూతలు వేయండి, మొదటి పూత ఆరాక గరుకు కాగితంతో తేలిగ్గా రుద్దండి. తర్వాత బర్న్ట్ సియెన్నాని బాగా నీళ్లు కలిపి పలచగా అంతటా పులమండి. తెల్ల కాన్వాస్ మీద ఏ రంగైనా ముదురుగా కనిపించి చర్మాన్ని తెల్లబరిచేస్తాం. అందుకే ఈ లేత ఇటుక రంగు.

8. ఫొటోని 6×8 అంగుళాలకి ప్రింట్ తీసుకుని అంగుళం గళ్లు గీయండి. కాన్వాస్ మీద రెండంగుళాల గళ్లు, చాలా లేతగా. రెండింటిలోనూ 48 గళ్లే వస్తాయి. ఒక్కో గడిలో ఉన్నది ఆ గడిలో గీయండి. కళ్లు, నోరు ఉన్న గళ్లని మాత్రం మళ్లీ నాలుగుగా చేసుకోండి. కార్బన్ పేపర్‌తోనో ప్రొజెక్టర్‌తోనో దింపుకున్నా తప్పేం లేదు, కానీ దింపాక ఒకసారి ఫొటో చూస్తూ గీతలన్నీ మళ్లీ చేత్తో సరిచేయండి. దింపిన గీత చచ్చుగా ఉంటుంది.

9. గీశాక కొలతలు చూడండి. కపాలం పైనుంచి గడ్డం కిందికి సరిగ్గా సగంలో కళ్లు ఉండాలి. దాదాపు అందరూ కళ్లు పైకి పెట్టేస్తారు, నుదురు కురచవుతుంది. జుట్టు ఎత్తుని కపాలంగా లెక్కపెట్టొద్దు, కొప్పు ఉంటే అది వేరే. ఎదురు ముఖంలో రెండు కళ్ల మధ్య ఇంకో కన్ను పట్టాలి. ఇవి సగటు లెక్కలు మాత్రమే. ఆమె కళ్లు దగ్గరగా ఉంటే దగ్గరగానే వేయండి. పోలిక ఉండేది సగటుకి తేడా ఉన్నచోటే.

నేతన్ ఆల్ట్‌మన్ 1914లో వేసిన రష్యన్ కవయిత్రి ఆనా అఖ్మతోవా బొమ్మ చూడండి. నీలి గౌను, పసుపు శాలువా, పక్కకి తిప్పిన ముఖం. ముక్కు మధ్యలో ఆమెకున్న ఎత్తుని దాచడం పోయి, దాన్నే బొమ్మకి వెన్నెముక చేశాడు. మీ రచయిత్రి ముఖంలో అలాంటిదేమిటో ఇప్పుడే, రంగు పడకముందే వెతికి పెట్టుకోండి: ఒక కనుబొమ్మ ఎత్తు, పై పెదవి పొడవు, దవడ వెడల్పు. రెండు సగాలూ ఒకేలా సర్దేయకండి.

ట్రేసింగ్ పేపర్ మీద ఈ గీతని ఎత్తి దాచుకోండి. రంగులో పోలిక జారిపోయినప్పుడు మళ్లీ పైన పరిచి చూడటానికి.

నీడలు

10. బర్న్ట్ అంబర్ ఒక్కటే నీళ్లతో పలచన చేసి మూడు ఛాయల్లో ముఖమంతా వేయండి: వెలుగు, నడిమి, చీకటి. వివరాలు వద్దు. కళ్లు సగం మూసి చూస్తే ఫొటోలో నీడలన్నీ కలిసి రెండు మూడు ముద్దలుగా కనిపిస్తాయి, ఆ ముద్దలనే వేయండి. కంటిగుంత, ముక్కు పక్క, చెంప, మెడ నీడ సాధారణంగా ఒకే ముద్దగా కలిసి ఉంటాయి. కొత్తవాళ్లు వాటిని విడివిడి ముక్కలు చేస్తారు.

ఆరాక ఫోన్‌తో బ్లాక్ అండ్ వైట్ ఫొటో తీసి, అసలు ఫొటో కూడా బ్లాక్ అండ్ వైట్ చేసి, పక్కపక్కన చూడండి. ఈ దశలోనే మనిషిని గుర్తుపట్టగలగాలి. గుర్తుపట్టలేకపోతే రంగు వేసి దాన్ని కాపాడలేరు. ఆరిన అక్రిలిక్ తుడిస్తే పోదు, పైన గెస్సో ఒక పూత వేసి మళ్లీ వేయండి. పికాసో అమెరికన్ రచయిత్రి గెర్ట్రూడ్ స్టైన్‌ని ఎన్నోసార్లు కూర్చోబెట్టి వేశాక, చివరికి ముఖమంతా తుడిచేసి, 1906లో ఆమె ఎదుట లేకుండానే మళ్లీ వేశాడు. తుడవడం పనిలో భాగమే.

చర్మం రంగు

ఇక్కడ కాస్త ఎక్కువ సేపు ఆగుదాం. బొమ్మల్లో రచయిత్రుల చర్మం అసలుకన్నా తెల్లబడటం నేను చూసిన తప్పులన్నిట్లో ఎక్కువగా బాధపెట్టేది. గౌరవం అనుకుని చేస్తారు. జరిగేది మనిషిని మార్చేయడం.

11. మొదట నడిమి ఛాయ కలపండి, ఎక్కువ మొత్తంలో. అక్రిలిక్ ఆరాక కాస్త ముదురుతుంది కాబట్టి వేసేటప్పుడు పిసరంత లేతగా ఉండాలి. ఇవి మొదలుపెట్టడానికి పాళ్లు మాత్రమే:

- లేత చాయ: తెలుపు 4 పాళ్లు, ఓకర్ 1, కాడ్మియం రెడ్ అర. నీడకి బర్న్ట్ సియెన్నా, చుక్క అల్ట్రామెరీన్.
- చామనచాయ: బర్న్ట్ సియెన్నా 2, ఓకర్ 2, తెలుపు 1, చుక్క అల్ట్రామెరీన్. నీడకి తెలుపు ఆపేసి అంబర్, క్రిమ్సన్ చేర్చండి.
- నలుపు: బర్న్ట్ అంబర్ 2, సియెన్నా 1, అల్ట్రామెరీన్ అర. వెలుగు పడ్డచోట సియెన్నా, ఓకర్. నీడకి అల్ట్రామెరీన్, క్రిమ్సన్.

నల్లటి చర్మాన్ని లేత రంగుకి నలుపు కలిపి తేవాలని చూస్తే బూడిద రంగు వస్తుంది. చీకటి రంగులతో మొదలుపెట్టి వెలుగు వైపు రండి. ముదురు చర్మం మీద మెరుపు చిన్నగా, పదునుగా ఉంటుంది, తరచూ కాస్త నీలంగా కూడా. ఆ మెరుపుని పెద్దది చేయడంతోనే చర్మం తెల్లబడుతుంది.

నడిమి ముఖం, అంటే బుగ్గలు, ముక్కు, చెవులు, నుదురుకన్నా కాస్త ఎర్రగా ఉంటాయి. ఎర్రదనం వేయండి, కానీ రూజ్ పూసినట్టు గుండ్రంగా వద్దు.

దగ్గర ఉన్నది నలుపు తెలుపు ఫొటో ఒక్కటే అయితే? అదే మనిషి కలర్ ఫొటో ఏదైనా, ఎరిగినవాళ్ల వర్ణన ఏదైనా వెతకండి. ఏదీ లేకపోతే ముఖాన్ని అంబర్, తెలుపులతోనే ఒకే రంగు ఛాయల్లో ముగించి, వెనకాల గోడకో బట్టకో ఒక గట్టి రంగు పెట్టండి. ఊహించి తప్పు రంగు వేయడం కన్నా ఇది మంచిది, చూడటానికీ హుందాగా ఉంటుంది.

12. వేసిన రంగు సరిపోయిందో లేదో చూడటానికి, ఒక చిన్న అట్టముక్క అంచుకి ఆ రంగు పూసి ఆరనిచ్చి ఫొటో మీద పెట్టి చూడండి. తడి రంగుని చూసి తీర్పు చెప్పొద్దు.

కళ్లు, కళ్లజోడు, నోరు

13. కంటి తెల్లగుడ్డు తెలుపు కాదు. పై రెప్ప నీడ పడి పైభాగం బూడిదగా, గుండ్రంగా తిరిగిన పక్కలు ఇంకా ముదురుగా ఉంటాయి. చర్మం నడిమి ఛాయతోనే దాన్ని కలిపి, చివర్లో పిసరంత తెలుపు చేర్చండి. మెరుపు చుక్క రెండు కళ్లలోనూ ఒకే వైపు, వెలుగు వచ్చే వైపే ఉండాలి. కంటి నల్లగుడ్డు పైభాగాన్ని రెప్ప కాస్త కప్పాలి. మొత్తం గుండ్రంగా కనబడితే మనిషి ఉలిక్కిపడినట్టు ఉంటుంది. కింది రెప్ప వెంట్రుకలు ఒక్కొక్కటీ గీయొద్దు.

14. కళ్లజోడు. ముందు కళ్లు పూర్తిగా ముగించండి, ఆరనివ్వండి, ఆ తర్వాతే ఫ్రేము. దగ్గర చూపు బాగుండి దూరం కనబడనివాళ్ల అద్దాల్లో కళ్లు చిన్నవై, అద్దం లోపల కనబడే చెంప అంచు లోపలికి జరుగుతుంది. చదువుకునే అద్దాల్లో దీనికి తిరగబడి కళ్లు పెద్దవై, అంచు బయటికి జరుగుతుంది. ఈ చిన్న జరుగుబాటు వేయకపోతే ఫ్రేములో అద్దం లేనట్టే ఉంటుంది. ఫ్రేము నీడ చెంపమీద పడేది మర్చిపోకండి. అద్దం మీద మెరుపు ఒక్కచోట చాలు, అదీ కనుపాపని దాటించి పెట్టండి. ఫ్రేము గీతని అంతటా ఒకే మందంలో లాగొద్దు, వెలుగు పడ్డచోట తెగిపోనివ్వండి.

15. పై పెదవి కిందికి వాలి ఉంటుంది కాబట్టి నీడలో, కింది పెదవి వెలుగులో ఉంటాయి. రెండింటి మధ్య ఒకే గీత లాగొద్దు, మూలల దగ్గర, మధ్యలో నొక్కి, మిగతాచోట వదిలేయండి. నవ్వు ఫొటోలో లేకపోతే బొమ్మలో వద్దు. నవ్వుతూ ఉంటే పళ్ల మధ్య గీతలు వద్దు, అన్నీ ఒక ముద్దగా వేయండి.

ముడతలకి ఒక మాట. వాటిని గీతలుగా గీస్తే మనిషికి ఉన్నదానికన్నా పదేళ్లు ఎక్కువ కనిపిస్తాయి. ప్రతి ముడతకీ ఒక పక్క నీడ, ఇంకో పక్క వెలుగు ఉంటుంది. రెండూ పక్కపక్కన మెత్తగా వేస్తే వయసు ఉన్నంత కనిపిస్తుంది. కాబట్టి భయపడి తీసేయాల్సిన పనిలేదు.

జుట్టు, చేతులు, పుస్తకాలు

16. నెరిసిన జుట్టుని తెల్ల రంగుతో మొదలుపెట్టొద్దు. అల్ట్రామెరీన్, అంబర్, కాస్త తెలుపు కలిపిన నడిమి బూడిద ఒక ముద్దగా వేసి, నీడలు ముదురు చేసి, చివర్లో వెలుగు పడ్డచోట మాత్రమే తెలుపు. జుట్టు నుదుటిని తాకే అంచు మెత్తగా ఉండాలి. అక్కడ పదునైన గీత ఉంటే విగ్గు పెట్టినట్టు ఉంటుంది.

17. ఆడవాళ్ల చేతులు చిన్నవి చేయడం చాలామందికి అలవాటు. చేతిని ముఖం మీద ఆనిస్తే గడ్డం నుంచి నుదుటి మధ్యదాకా వస్తుంది. మీ బొమ్మలో అంత ఉందో లేదో కొలవండి. రాసే చెయ్యి వేస్తుంటే మీ చేతినే అదే కోణంలో ఫొటో తీసుకుని ఆధారం చేసుకోండి, కానీ వేళ్ల లావు, గోళ్లు, కణుపులు ఆమెవి. కలం పట్టుకునే తీరు అందరిదీ ఒకటి కాదు, ఆమె రాస్తున్న ఫొటో ఒక్కటి దొరికినా వెతకండి. ఎడమచేతి రచయిత్రికి కుడిచేత్తో కలం ఇవ్వడం మొదట్లో కాగితం మీద రాసుకున్నది చూడకపోతే జరిగే పొరపాటు.

18. పుస్తకాల వెన్నుల మీద పేర్లన్నీ స్పష్టంగా రాయొద్దు, కన్ను ముఖం వదిలి చదవడం మొదలుపెడుతుంది. ఒకటో రెండో చాలు, మిగతావి రంగు గీతలు. ఎక్కడ అక్షరాలు వేసినా ముందు పెన్సిల్‌తో రాసి, ఆ భాష బాగా తెలిసిన ఇంకొకరితో చదివించండి. ఒత్తు తప్పితే బొమ్మంతా అదే కనిపిస్తుంది. పేరు రాయాలనుకుంటే ఆమె తన పుస్తకాల మీద ఎలా రాసుకుందో అలాగే రాయండి.

సరిచూసుకోవడం

19. బొమ్మని అద్దంలో చూడండి. వంకరలు వెంటనే బయటపడతాయి. తర్వాత బొమ్మనీ ఫొటోనీ రెండింటినీ తలకిందులు చేసి పక్కన పెట్టి చూడండి. ఆరడుగుల దూరం వెళ్లి చూడండి. మళ్లీ బ్లాక్ అండ్ వైట్ ఫొటో తీయండి. చివరికి ట్రేసింగ్ పేపర్ పైన పరచండి. తేడా ఎక్కువగా కళ్ల మధ్య దూరంలోనో, ముక్కు కిందినుంచి పై పెదవిదాకా ఉన్న చోటులోనో దొరుకుతుంది. ముందు అవే చూడండి.

ఒక రాత్రి గోడవైపు తిప్పి పెట్టి, పొద్దున్న మళ్లీ చూడండి. తర్వాత ఎవరికైనా పేరు చెప్పకుండా చూపించి, “ఎవరో చెప్పు” అని కాక “ఈమె ఏం ఆలోచిస్తున్నట్టుంది?” అని అడగండి. “అందంగా ఉంది” అని మాత్రమే జవాబు వస్తే ఫొటో ముందు పెట్టుకుని మీరు నునుపు చేసిన చోట్లు వెతకండి. నుదురు, కంటి కింద, నోటి మూలలు. దాదాపు ఎప్పుడూ ఈ మూడే.

20. పెద్ద మార్పు చేయాల్సి వస్తే పైనుంచి పలచగా కప్పేయొద్దు. బ్రాన్వెల్ బ్రాంటీ 1834 ప్రాంతంలో తర్వాత నవలలు రాసిన తన ముగ్గురు అక్కచెల్లెళ్లని (షార్లెట్, ఎమిలీ, ఆన్) వేసినప్పుడు మధ్యలో తన బొమ్మ కూడా వేసి, తర్వాత దానిమీద స్తంభం వేసి కప్పేశాడు. ఆయిల్ రంగు ఏళ్లు గడిచేకొద్దీ పారదర్శకమవుతుంది. ఇవాళ ఆ స్తంభంలోంచి అతని ఆకారం కనబడుతోంది. ఆయిల్‌లో అయితే ముందు కత్తితో గీకి తీసేయండి. అక్రిలిక్‌లో అయితే ఎత్తుగా ఉన్న గీతల్ని తడిపిన గరుకు కాగితంతో నున్నగా చేసి, గెస్సో ఒక పూత వేసి, మళ్లీ వేయండి. కాడ్మియం ఉన్న రంగుని పొడిగా రుద్దొద్దు, ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి వెళ్లకూడదు.

ఆయిల్ వాడేవాళ్లకి ఇంకో రెండు జాగ్రత్తలు. కింది పొరలు పలచగా, పై పొరల్లో నూనె ఎక్కువగా ఉండాలి, తిరగబడితే పగుళ్లు వస్తాయి. లిన్సీడ్ నూనె అంటిన గుడ్డల్ని ఉండచుట్టి పడేయొద్దు, వాటంతటవే అంటుకోగలవు. నీళ్లలో తడిపి పెట్టండి, లేదా ఆరుబయట విడివిడిగా పరిచి ఆరేయండి.

వార్నిష్, వెనక రాత, దాచడం

21. అక్రిలిక్ పలచగా వేస్తే కనీసం మూడు రోజులు, దట్టంగా వేస్తే రెండు వారాలు ఆగి వార్నిష్ వేయండి. ఆయిల్‌కి ఆరు నెలలు ఆగండి. పడుకోబెట్టి, వెడల్పు బ్రష్‌తో, ఒకే దిక్కున. ఒకసారి వేసినచోట మళ్లీ వెనక్కి వచ్చి రుద్దితే తెల్ల చారలు మిగులుతాయి. మెరిసే రకం కన్నా మ్యాట్, శాటిన్ రకాలు ముఖాలకి నప్పుతాయి.

22. వెనక ఇవి రాయండి: రచయిత్రి పేరు, పుట్టిన, చనిపోయిన సంవత్సరాలు, ఏ ఫొటో ఆధారం, అది ఏ ఏడాదిది, మీ పేరు, వేసిన తేదీ, ఏ రంగులు. కాన్వాస్ గుడ్డ మీద నేరుగా కాదు, చెక్క ఫ్రేము మీద. గుడ్డ మీద రాస్తే సిరా ముందువైపుకి దిగొచ్చు.

23. మడతపెట్టడం, గట్టిగా చుట్టడం వద్దు. బ్రాంటీల బొమ్మ మడిచి ఒక బీరువా పైన పడి ఉండి 1914లో దొరికింది, ఆ మడత గీతలు ఇవాళ్టికీ ముఖాల పక్కనే ఉన్నాయి. చుట్టక తప్పకపోతే రంగు వేసిన వైపు బయటికి ఉండేలా, వెడల్పు గొట్టం మీద వదులుగా చుట్టండి.

గ్రంథాలయానికో బడికో వరసగా నలుగురైదుగురు రచయిత్రుల బొమ్మలు వేస్తుంటే, మొదటి బొమ్మ మొదలుపెట్టే ముందే మూడు విషయాలు రాసి గోడకి అంటించుకోండి: తల ఎన్ని అంగుళాలు, కళ్లు కాన్వాస్ కింది అంచు నుంచి ఎంత ఎత్తులో, వెలుగు ఏ పక్కనుంచి. ఇవి అన్నింటికీ ఒకటే ఉండాలి. పాత ఫొటోలో వెలుగు ఇంకో పక్కనుంచి ఉంటే ఫొటోని తిప్పేయకండి, పాపిడీ పుట్టుమచ్చా మారిపోతాయి. ఆ బొమ్మని వరసకి ఇటు చివరో అటు చివరో తగిలించండి. వెనక రంగులు, భంగిమలు, వయసులు మాత్రం ఒక్కొక్కరికీ వేరుగానే ఉండనివ్వండి. తగిలించేటప్పుడు బొమ్మ మధ్యభాగం నేలనుంచి దాదాపు అయిదడుగుల ఎత్తులో ఉండాలి. చిన్న పిల్లలు చూసే గోడ అయితే అడుగు కిందికి దించండి.